112కి ఫోన్ చేస్తే ‘ఎక్కడి నుంచి?’ అని ఎందుకు అడుగుతారు? మన ఫోన్‌కు తెలిసింది వాళ్లకు ఎందుకు తెలియదు?

ప్రశ్న వేసినాయనది బెంగళూరులో ఉద్యోగం. నాన్నగారు కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర పల్లెలో ఒక్కరే ఉంటారు. మొన్న రాత్రి ఛాతీలో నొప్పి వచ్చి ఆయనే 112 కొడితే అవతలివాళ్లు ‘ఎక్కడి నుంచి’ అని నాలుగుసార్లు అడిగారట. సంగతి తెలిసి ఈయన బెంగళూరు నుంచి 112 కొడితే కన్నడంలో ఎత్తారట. ‘అమెరికాలో నంబరు కొట్టగానే ఇంటి అడ్రస్ స్క్రీన్ మీద పడుతుందంటారు, మన దగ్గర అలాంటి రూలు లేదా, తెస్తే మారుతుందా?’ అని అడుగుతున్నారు. నాన్నగారు ఇప్పుడు బాగున్నారని రాశారు, సంతోషం.

ముందు సూటిగా జవాబు. రూలు మన దగ్గరా ఉంది, కానీ సగమే ఉంది. ఫోన్‌లో ఏముండాలో చెప్పే రూలు 2016లోనే వచ్చింది. ఆ ఫోన్ పట్టుకున్న లొకేషన్ కాల్‌తో పాటు కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీదికి వచ్చి తీరాలి, ఎవరు పంపాలి, ఏ తేదీలోగా అన్నది మాత్రం గట్టిగా బిగించలేదు. ఆ సగం బిగిస్తే మారుతుంది, తప్పకుండా మారుతుంది. అది అయ్యేదాకా మీ నాన్నగారి నోటి మాటే ఆయన అడ్రస్. ఆ మాటను ఎలా సిద్ధం చేసుకోవాలో కింద రాశాను. తొందరలో ఉంటే చివరి భాగానికి వెళ్లండి.

నా సంగతి: ఐదేళ్లు అంబులెన్సులో తిరిగాను, తర్వాత తొమ్మిదేళ్లు హెడ్‌సెట్ పెట్టుకుని కాల్స్ తీసుకునే కుర్చీలో కూర్చున్నాను. సొంతూరు డోన్ దగ్గర. ఎక్కడెక్కడ పనిచేశానో చెప్పను, కానీ రాస్తున్నదంతా చేసిన పనే.

మొదట ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుందో చెప్తాను. మామూలు కాల్ వస్తే కనిపించేది ఫోన్ నంబరు. దానితో మూడు రకాల అడ్రస్‌లు దొరికే అవకాశం ఉంది. ఒకటి, సిమ్ తీసుకున్నప్పుడు ఇచ్చిన అడ్రస్. ఇది దాదాపు పనికిరాదు. పల్లెల్లో ముసలివాళ్ల చేతిలోని సిమ్ అల్లుడి పేరున ఉంటుంది, అల్లుడిది ఆదోని. రెండోది టవర్. మీ కాల్ ఏ టవర్ మీదుగా వచ్చిందో, ఆ టవర్‌కు ఏ దిక్కున ఉన్నారో తెలుస్తుంది. కర్నూలు కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల అయితే అది కొన్ని వందల మీటర్ల లోపు తేలుతుంది. అదే దేవనకొండ, తుగ్గలి వైపు టవర్లు దూరం దూరం. ఒక్కో టవర్ కింద నాలుగైదు ఊళ్లు, వాటి చేలు, వంకలు అన్నీ వస్తాయి. మ్యాప్ మీద పెద్ద చాట లాంటి ముక్క కనిపిస్తుంది, అందులో ఎక్కడో మీ నాన్న.

మూడోది, ఫోనే తన జీపీఎస్ చూసుకుని పంపడం. అసలు పనికొచ్చేది ఇదే. దీన్ని మన దేశంలో ఎక్కువగా ‘112 ఇండియా’ యాప్‌తో చేద్దామనుకున్నారు. యాప్ ఉన్నవాళ్లకు మంచిదే. కానీ యాప్ వేసుకోవాలి, నంబరు నమోదు చేసుకోవాలి, లొకేషన్‌కు అనుమతి ఇవ్వాలి, ఆపద వచ్చినప్పుడు అది ఫోన్‌లో ఎక్కడుందో గుర్తుండాలి. ఛాతీ పట్టుకున్న మనిషి యాప్ వెతకడు. అంకెలు నొక్కుతాడు. నా తొమ్మిదేళ్లలో ప్రాణం మీదికొచ్చిన కాల్ యాప్ నుంచి వచ్చింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తుగ్గలి దగ్గర జరిగింది ఒకటి చెప్తాను. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారని ఇటువాళ్లకు తెలిసిందే. పిల్లాపాపలతో వచ్చి, చెట్ల కింద వండుకుని, పొద్దంతా నేల చూసుకుంటూ తిరుగుతారు. ఒక సాయంత్రం ఉరుములు మొదలైన వేళ ఒక కుర్రాడు చేశాడు. పిడుగు పడింది, వాళ్లమ్మ లేవడం లేదు.

‘ఎక్కడున్నారు నాయనా?’

‘వజ్రాలు ఏరే చేను సార్.’

‘ఏ ఊరు?’

‘ఊరు తెలీదు సార్, మాది గుంటూరు వైపు. ఆటోలో దింపినారు. ఎర్ర నేల సార్, అంతా ఎర్ర నేల.’

టవర్ చూస్తే చాటంత మ్యాప్ ముక్క. ఎర్ర నేల అంటే ఆ ముక్క మొత్తం ఎర్ర నేలే. అప్పుడు ‘నీది పెద్ద ఫోనా?’ అన్నాను. అవునన్నాడు. అది వోల్టే కాల్, అంటే 4జీ మీదే మాట పోయే కాల్, కాబట్టి మాట్లాడుతూ ఉన్నా నెట్ ఆగదు. స్పీకర్ పెట్టించి, మ్యాప్స్ తెరిపించి, నీలం చుక్క మీద వేలు అదిమి పట్టుకోమన్నాను. కింద రెండు పెద్ద అంకెలు వస్తాయి, చదువు అన్నాను. ‘పదిహేను పాయింట్...’ అని మొదలుపెట్టాడు. వాన చప్పుడు, వెనక ఎవరో ఏడుపు. ఒక అంకె తడబడ్డాడు, మళ్లీ చదివించాను. కాగితం మీద రాసుకుని మ్యాప్‌లో కొడితే ఒక వేపచెట్టు పక్కన, రోడ్డుకు అర కిలోమీటరు లోపల పడింది. బండి పంపాను. ఈలోపు మాతో పనిచేసే అక్క ఒకామె అదే కాల్‌లోకి వచ్చి ఆ పిల్లాడికి గుండె మీద రెండు చేతులతో ఎలా నొక్కాలో చెప్తూనే ఉంది.

ఆమె బతికింది. కానీ చూడండి, ఆ కుర్రాడి చేతిలో ఉన్న ఫోన్‌కు తను ఎక్కడుందో మొదటి క్షణం నుంచీ తెలుసు. నాకు తెలియడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మధ్యలో లేనిది యంత్రం కాదు. ‘పంపి తీరాలి’ అనే ఒక వాక్యం.

ఆ వాక్యం వేరే దేశాల్లో ఎలా రాశారు?

బ్రిటన్‌లో 2014లో ఒక పద్ధతి మొదలైంది. ఏఎంఎల్ అంటారు. మీరు అత్యవసర నంబరు కొట్టగానే ఫోన్ దానంతట అదే జీపీఎస్, వైఫై ఆన్ చేసుకుని, తను ఎక్కడుందో ఒక ఎస్ఎంఎస్‌గా కాల్ సెంటర్‌కు పంపేస్తుంది. యాప్ అక్కర్లేదు, మనం ఏమీ నొక్కక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో దీన్నే ఈఎల్ఎస్ అంటున్నారు. యూరప్ వాళ్లు ఒక అడుగు ముందుకేసి, 2022 మార్చి నుంచి అక్కడ అమ్మే ప్రతి స్మార్ట్‌ఫోన్ 112 కాల్‌లో ఇలా లొకేషన్ పంపగలిగి ఉండాలని రూలు పెట్టారు. పంపగలిగేది ఫోన్, పంపాల్సిన తేదీ రూలులో ఉంది. అంతే తేడా.

అమెరికా గురించి మీరన్నది కొంత నిజం, కొంత సినిమా. 1968లో అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో మొదటి 911 కాల్ వెళ్లింది, వాళ్ల అత్యవసర నంబరు అది. ఇంటి ల్యాండ్‌లైన్ల కాలంలో నంబరు వెనకే అడ్రస్ వచ్చేది, మీరు వినింది అదే. సెల్‌ఫోన్లు వచ్చాక వాళ్లకూ ఇదే తలనొప్పి. నేటికీ అక్కడ ఫోన్ ఎత్తినవాళ్లు మొదట అడిగే ప్రశ్నల్లో ‘ఎక్కడ’ ఉంటుంది. మా తోడల్లుడి కొడుకు డాలస్‌లో ఉంటాడు, రోడ్డు మీద కారు తగులుకుంటే 911కి చేశాడు. ‘బాబాయ్, వాళ్లూ అదే అడిగారు, ఎగ్జిట్ నంబరు చెప్పమన్నారు’ అన్నాడు.

అయితే వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడ రూలు రాస్తారు. 2013లో టెక్సాస్‌లో ఒక మోటల్ గదిలో తల్లి మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల కూతురు 911 కొట్టింది. నాలుగుసార్లు కొట్టింది, వెళ్లలేదు. ఆ హోటల్ ఫోన్‌లో బయటి కాల్‌కు ముందు 9 నొక్కాలి. అది పిల్లకు తెలియదు. తల్లి చనిపోయింది. ఆమె పేరు మీద ‘కారీస్ లా’ వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత కొత్తగా పెట్టే ఆఫీసు, హోటల్ ఫోన్ వ్యవస్థల్లో ముందు ఏ అంకే నొక్కకుండా 911 వెళ్లాలి. మీ ఆఫీసులో, మీరు దిగే లాడ్జిలో ఉన్న ఫోన్ నుంచి బయటికి చేయాలంటే ముందు 0 కొట్టాలేమో ఒకసారి చూసుకోండి. ఇక్కడ చాలా చోట్ల కొట్టాలి.

2024 జూలైలో అక్కడ ఫోన్ కంపెనీలకు రూల్స్ పెట్టే ఎఫ్‌సీసీ ఇంకో రూలు చేసింది. పాత రాగి తీగల కాలం నాటి లైన్ల బదులు 911 కాల్స్‌ను ఇంటర్నెట్ పద్ధతిలో అప్పజెప్పాలి, స్థానిక 911 సంస్థ అడిగితే పెద్ద ఫోన్ కంపెనీలు 6 నెలల్లో, చిన్న, గ్రామీణ కంపెనీలు 12 నెలల్లో ఒక్కో దశ పూర్తి చేయాలి, అప్పజెప్పే చోటు వరకు ఖర్చు కంపెనీలదే. ‘అడిగిన రోజు నుంచి ఇన్ని నెలలు’, ‘ఖర్చు ఫలానావాళ్లది’ అన్న ఈ రెండు ముక్కలు లేకపోతే ఎంత మంచి రూలైనా ఫైల్లో పడుకుంటుంది. ఇంటర్నెట్ పద్ధతి వస్తే లొకేషన్ విడిగా వెతుక్కోనక్కర్లేదు, కాల్‌తో కలిసే వస్తుంది. మాట రానివాళ్లు మెసేజ్ పంపొచ్చు, ఫోటో, వీడియో కూడా చూపించొచ్చు. ఒక సెంటర్ మూతపడితే కాల్స్ ఇంకో సెంటర్‌కు మళ్లుతాయి.

మన దగ్గర ఏం జరిగింది?

మనం వెనకబడి మొదలుపెట్టలేదు, అది గుర్తుంచుకోండి. 108 పుట్టిందే మన ఉమ్మడి రాష్ట్రంలో, 2005 ఆగస్టు 15న. తర్వాత చాలా రాష్ట్రాలు దాన్ని చూసే పెట్టుకున్నాయి. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత దేశమంతా ఒకే అత్యవసర నంబరు ఉండాలన్న మాట బలపడింది. 2015 ఏప్రిల్‌లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 112ను సిఫారసు చేసింది. 2018 నవంబర్‌లో హిమాచల్ ప్రదేశ్ మొదట పెట్టుకుంది, 2019 ఫిబ్రవరిలో మన రాష్ట్రానికి వచ్చింది.

మధ్యలో 2016లో ఫోన్ల రూలు. 2017 జనవరి 1 తర్వాత అమ్మే ప్రతి ఫోన్‌కూ పానిక్ బటన్ ఉండాలి. చిన్న ఫోన్ అయితే 5 గానీ 9 గానీ అదిమి పట్టుకుంటే కాల్ పోవాలి, స్మార్ట్‌ఫోన్ అయితే పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే పోవాలి. 2018 జనవరి 1 నుంచి జీపీఎస్ ఉండాలి. కాగితం మీద చక్కగా ఉంది. కానీ నా కుర్చీ నుంచి చెప్తున్నా, చిన్న ఫోన్ నుంచి వచ్చిన కాల్‌లో నాకు టవర్ తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. మీ నాన్నగారి చేతిలో ఉన్నది ఏ ఫోనో మీరు రాయలేదు. చిన్న ఫోనే అయ్యుంటుందని నా అనుమానం.

పానిక్ బటన్ గురించి ఇంకో ముచ్చట. మాకు వచ్చే కాల్స్‌లో ఉత్త కాల్స్ తక్కువేం కాదు. జేబులో నొక్కుకుపోయినవి, పిల్లలు ఆడుకుంటూ నొక్కినవి. ఎత్తితే టీవీ సీరియల్ వినిపిస్తుంది, కుక్కర్ కూత వినిపిస్తుంది. అయినా పెట్టేయకూడదు, ఎందుకంటే నోరు విప్పలేని స్థితిలో ఉన్న ఆడమనిషి కాల్ కూడా అచ్చం అలాగే ఉంటుంది. బ్రిటన్‌లోనూ 2023లో ఆండ్రాయిడ్ ఫోన్ల పవర్ బటన్ కాల్స్‌తో పోలీసులు ఇలాగే ఇబ్బంది పడ్డారు. రూలు రాసేటప్పుడు ఫోన్ పిల్లల చేతిలో ఎంతసేపు ఉంటుందో ఎవరూ లెక్కేయరేమో. మీకు అనుకోకుండా 112 పోతే పెట్టేయకండి, ‘పొరపాటున తగిలింది’ అని ఒక్క మాట చెప్పండి. లేకపోతే మళ్లీ మేమే తిరిగి చేయాలి, ఆ రెండు నిమిషాలు ఇంకొకరివి.

ఇక ఆశ పెట్టుకోదగిన విషయం. ఉత్తరప్రదేశ్ 2025 డిసెంబర్ నాటికి ఆండ్రాయిడ్ ఈఎల్ఎస్‌ను తన 112కు కలుపుకుంది, దేశంలో పూర్తిగా కలుపుకున్న మొదటి రాష్ట్రం అదే. అంటే మన దేశపు ఫోన్లతో, మన నెట్‌వర్క్‌లతో ఇది పనిచేస్తుందని తేలిపోయింది. పదేళ్ల నాటి ఆండ్రాయిడ్ 6 నుంచీ ఫోన్‌లో ఆ సౌకర్యం ఉంది, కొత్త ఫోన్ కొనక్కర్లేదు. ‘మరి నా లొకేషన్ ఎప్పుడూ ప్రభుత్వం చూస్తుందా’ అని ఒకరు కింద అడిగారు. లేదు, అత్యవసర నంబరు కొట్టినప్పుడే పోతుంది, నేరుగా ఆ సెంటర్‌కే పోతుంది. ప్రతి రాష్ట్రం దానంతట అది ముందుకొచ్చేదాకా ఆగకుండా, అన్ని రాష్ట్రాలూ ఫలానా తేదీలోగా కలుపుకోవాలని కేంద్రం ఒక్క రూలు పెడితే పని అయిపోతుంది. నా మాట అడిగితే కొత్త అంబులెన్సులు కొనడం కంటే ముందు చేయాల్సింది ఇది.

కన్నడంలో ఎందుకు ఎత్తారు?

112 కాల్ మీరు ఎక్కడుంటే ఆ రాష్ట్రానికే పోతుంది. మీరు బెంగళూరులో ఉన్నారు కాబట్టి కర్ణాటకకు పోయింది. తప్పు మీది కాదు, వాళ్లదీ కాదు. అంకెలు మూడే, అందులో ‘పత్తికొండ’ అన్న మాట లేదు. ఇది మన సరిహద్దు ఊళ్లకు ఇంకా పెద్ద బాధ. మడకశిర, హిందూపురం, రాయదుర్గం, మంత్రాలయం వైపు ఇంట్లోనే కూర్చుని ఉన్నా ఫోన్ అవతలి రాష్ట్రపు టవర్ పట్టుకోవచ్చు. కర్నూలులో తుంగభద్ర ఒడ్డున నిలబడినా అంతే, అవతలి గట్టు తెలంగాణ. మడకశిర వైపు నుంచి ఒకామె తర్వాత మాకు చేసి చెప్పింది, మొదటిసారి కన్నడం వినిపించగానే ‘రాంగ్ నంబరు’ అనుకుని పెట్టేసిందట. మళ్లీ చేసింది, మళ్లీ కన్నడమే, మళ్లీ పెట్టేసింది. మూడోసారి మేడ ఎక్కి చేస్తే మాకు వచ్చింది.

భాష మారినా పెట్టేయకండి. మొదట రాష్ట్రం, జిల్లా పేరు చెప్పండి: ‘ఆంధ్ర, కర్నూల్ డిస్ట్రిక్ట్’. అవతలివాళ్లకు తెలుగు రాకపోయినా ఆ మాట అర్థమవుతుంది. కాల్‌ను వివరాలతో సహా పక్క రాష్ట్రానికి మళ్లించడం కూడా రూలులో గట్టిగా ఉండాల్సిన విషయమే. ఇప్పుడైతే మళ్లించినా అవతల మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి రావచ్చు.

భాష అంటే ఇంకోటి. మన పల్లెల్లో రాత్రిపూట పాము పేరెత్తరు, ‘పురుగు ముట్టింది’ అంటారు. నేను కొత్తగా చేరినప్పుడు పక్క సీట్లో కృష్ణా జిల్లా కుర్రాడు ఉండేవాడు, బాగా చదువుకున్నవాడు. ‘పురుగు కుట్టిందట, ఒళ్లంతా దద్దుర్లా అని అడుగుతుంటే కోప్పడుతున్నారు’ అని నా వైపు తిరిగాడు. హెడ్‌సెట్ లాక్కున్నంత పని చేశాను. ఆ తర్వాత నేనే ఒక నోట్‌బుక్ పెట్టి ఇలాంటి మాటలు రాసి కొత్తవాళ్లకు ఇచ్చేవాణ్ని. ఏ జీపీఎస్ వచ్చినా ఈ పని మనిషే చేయాలి.

నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి కదా. చేరిన మొదటి సంవత్సరం. ‘గుత్తి రోడ్డు’ అని ఒకాయన చెప్పాడు. నేను గుత్తి అని వేసుకున్నాను. ఆయన ఉన్నది అనంతపురం టౌన్‌లోని గుత్తి రోడ్డులో. రెంటికీ మధ్య యాభై కిలోమీటర్ల పైచిలుకు. గుత్తి బండి బయలుదేరాక డ్రైవర్ ఆయనకు ఫోన్ చేస్తే గానీ తేలలేదు. ఏడు నిమిషాలు పోయాయి. అదృష్టం, విరిగింది చెయ్యే. అప్పటి నుంచి నేను ఊరి పేరు ఒక్కటే వింటే నమ్మను, మండలం అడుగుతాను. కొత్తపల్లెలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఎర్రగుంట్ల కడప జిల్లాలో ఒకటి, సిరివెళ్ల దగ్గర ఒకటి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక సిరివెళ్ల నంద్యాల జిల్లా అయింది గానీ అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ ‘కర్నూలు జిల్లా’ అనే అంటారు. అందుకే నాలుగుసార్లు అడిగినవాళ్ల మీద కోపం పెట్టుకోకండి. అడగనివాణ్ని చూసి భయపడాలి.

హైవే మీద అయితే

హైవే మీద ఊరి పేరు పనికిరాదు. 44వ నంబరు హైవే మీద మధ్యలో డివైడర్ ఉంటుంది. మీరు అనంతపురం పోయే వైపు ఉంటే, బండి కర్నూలు పోయే వైపు వస్తే, మిమ్మల్ని కళ్లతో చూస్తూ దాటి వెళ్లి ఎక్కడో తిప్పుకుని రావాలి. అందుకే ఎటు నుంచి ఎటు పోయే వైపు ఉన్నారో, పక్కనున్న కిలోమీటరు రాయి మీద ఏముందో చెప్పండి. గువ్వలచెరువు ఘాట్‌లో అయితే ఎక్కుతున్నారా దిగుతున్నారా చెప్పాలి, సిగ్నల్ పోయేలోపు ముందు అదే చెప్పాలి, పేరు తర్వాత చెప్పొచ్చు. హైవేల మీద సాయానికి 1033 నంబరు కూడా ఉంది.

రాత్రి బస్సుల్లో పడుకున్నవాళ్లకు ఇవేవీ తెలియవు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద బస్సు కాలిపోయిన ఘోరం మనం ఇంకా మర్చిపోలేదు. నిద్రలోంచి లేచిన మనిషిని ‘ఏ ఊరి దగ్గర’ అంటే ఏం చెప్తాడు? ప్రయాణికుల వాహనాల్లో లొకేషన్ చెప్పే పరికరం, పానిక్ బటన్ ఉండాలని 2016లోనే కేంద్రం రూలు చేసింది, 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే కొత్త బండ్లకు వర్తిస్తుంది. మీరు ఈసారి బస్సెక్కినప్పుడు ఆ ఎర్ర బటన్ ఎక్కడుందో చూడండి. ఉంటే, నొక్కితే ఎవరికి పోతుందని డ్రైవర్‌ను అడగండి. నేను అడిగిన ముగ్గురిలో ఇద్దరు నవ్వారు.

ఫోన్ చేస్తే కేసులో ఇరుక్కుంటామనే భయం ఇంకా ఉంది కాబట్టి రెండు మాటలు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షన్, 2020 రూల్స్ ప్రకారం ప్రమాదంలో సాయపడ్డవాళ్లను పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు లేని వైద్యం పథకం కూడా ఉంది.

ఇప్పుడు మీ నాన్నగారి కోసం

యాప్ వేయించండి, వద్దనను. కానీ దాని మీద ఆధారపడకండి. ముందు ఇవి చేయండి.

ఫోన్ పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో నాలుగు లైన్లు రాయించండి. ఊరు, మండలం, జిల్లా ఒక లైన్. పత్తికొండ నుంచి వస్తే ఊళ్లో ఎటు తిరగాలో ఒక లైన్. ఇంటి గుర్తు ఒక లైన్. ఆయనకున్న జబ్బు, వేసుకునే మాత్రలు ఒక లైన్. ఆయాసంలో గుర్తుకు రావు, చదవడం తేలిక. ఆయన మాట్లాడలేకపోతే పక్కింటివాళ్లు చదువుతారు.

గుర్తు అంటే ‘గుడి దగ్గర’ అని రాయకండి. మన ఊళ్లలో రామాలయం, ఆంజనేయస్వామి గుడి, పెద్దమ్మ గుడి అన్నీ గుళ్లే. రాత్రి చీకట్లో డ్రైవర్‌కు కనిపించేది రాయండి. వాటర్ ట్యాంకు, సెల్ టవర్, స్కూలు గేటు. చేనులో అయితే ట్రాన్స్‌ఫార్మర్ మీద, కరెంటు స్తంభం మీద పెయింట్‌తో రాసిన నంబరు. ఇది మాకు లైన్‌మన్ ఒకాయన నేర్పిన కిటుకు. ఊరి లైన్‌మన్‌కు ఆ నంబరు చెప్తే చీకట్లో కూడా నేరుగా అక్కడికి తీసుకుపోతాడు. గాలిమరలున్న వైపు వాటి కాండం మీద కూడా నంబర్లుంటాయి. ఒకసారి పాము కరిచిన మనిషిని అలాగే పట్టుకున్నాం.

బెంగళూరు నుంచి మీరు చేయాల్సింది 112 కాదు. ఊళ్లో రాత్రి ఫోన్ ఎత్తే ఇద్దరి నంబర్లు, పత్తికొండ పోలీస్ స్టేషన్ నంబరు, ఊరి ఆశా కార్యకర్త నంబరు ఇప్పుడే సేవ్ చేసుకోండి. ఆపదలో వాళ్లకు చేసి ‘మా ఇంటికి పోయి అక్కడి నుంచి 108 కొట్టు మామా’ అనండి. వాళ్లు ఊళ్లో నుంచి చేస్తే కాల్ మన రాష్ట్రానికే వస్తుంది, ఎదురుగా మనిషిని చూస్తూ చెప్పగలుగుతారు. మీకు వేరే దారి లేక 112కే చేస్తే, పైన చెప్పినట్టు రాష్ట్రం పేరుతో మొదలుపెట్టండి.

పరీక్ష కోసం 112 కొట్టి చూడకండి, దయచేసి. దాని బదులు ఈ ఆదివారం నాన్నగారికి ఫోన్ చేసి, మీరే కాల్ తీసుకునే మనిషి అనుకుని ‘ఎక్కడి నుంచి?’ అని అడగండి. ‘ఇంటి నుంచిరా, ఇంకెక్కడి నుంచి’ అంటారు. నవ్వకుండా మళ్లీ అడగండి. ఆ గోడ మీది నాలుగు లైన్లు ఆయన గుక్క తిప్పుకోకుండా చదివేదాకా రెండుమూడుసార్లు చేయించండి. ఇంటి దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ నంబరు దొరికితే ఇక్కడ కాదు, మీ ఫోన్‌లో రాసిపెట్టుకోండి.